బ్రేకు మాస్టారి మోకాలిచిప్ప

ఆయన్ని అందరూ ఎదురుగా మాస్టారూ అనేవారు, వీధి మలుపు తిరగగానే బ్రేకు మాస్టారు అనేవారు. డ్రైవింగ్ స్కూల్లో ఉద్యోగం. ఆ స్కూలు కార్లలో నేర్చుకునేవాళ్లు స్టీరింగు ముందు కూర్చుంటే, పక్క సీట్లో మాస్టారు కూర్చుంటాడు. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు గోడ వైపో చెత్తకుండీ వైపో ధీమాగా బయల్దేరినప్పుడు దాన్ని నొక్కి అందరి ప్రాణాలూ కాపాడాలి. ఇరవై ఏళ్లుగా ఆయన కుడికాలు చేస్తున్న ఉద్యోగం అదే. మిగతా శరీరం ఆ కాలికి తోడుగా వెళ్లి కూర్చునేది.

చిక్కేమిటంటే ఆ కాలికి సెలవులు తెలియవు. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే, సినిమాలో కారు లోయ అంచుకి రాగానే నేల మీద ధడేల్మని నొక్కేవాడు. సోఫా ముందు టైలు రెండుసార్లు పగిలింది. మంగలి కత్తి గొంతు దగ్గరికి వచ్చినా నొక్కేవాడు. బస్సెక్కితే ముందు సీటువాళ్లతో తగువు తప్పేది కాదు. రాత్రి ప్రయాణాల్లో బస్సంతా గురకలు పెడుతుంటే ఈయన ఒక్కడు కళ్లు ఇంతింత చేసుకుని ప్రతి మలుపులోనూ బ్రేకు వేస్తూ కూర్చునేవాడు. బండి కదులుతుండగా ఆయన కన్ను మూతపడ్డ దాఖలా లేదు.

ఇన్ని నవ్వులాటల మధ్య ఆయనకి ఒక నియమం ఉండేది, దాని దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. కారు ఆగిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లని అడిగేవాడు: "ఎవరు నొక్కారు?" తను నొక్కి ఉంటే "ఇది నేను" అనేవాడు, వాళ్లు నొక్కి ఉంటే "ఇది నువ్వు" అనేవాడు. మాస్టారు ఆపిన బండిని తనే ఆపాననుకున్నవాడు రేపు ఒంటరిగా రోడ్డెక్కి చస్తాడని ఆయన భయం. ఎంత గొప్పవాళ్లు నేర్చుకోడానికి వచ్చినా, ఎంత చిన్నబుచ్చుకున్నా, ఆ మాట చెప్పకుండా రెండో గేరు వేయనిచ్చేవాడు కాదు.

మరి అంతటి మాస్టారు సొంత భార్యకి నేర్పాడా? నేర్పలేదు. ఆవిడ మందుల షాపులో పనిచేసేది. పాత కారొకటి కొన్నప్పుడు ముచ్చటపడి అడిగింది.

"ఇంట్లోవాళ్లకి నేర్పకూడదు. డాక్టర్లు సొంతవాళ్లకి ఆపరేషన్ చేస్తారా?" అన్నాడాయన.

"ఆపరేషన్ ఎవరడిగారండీ? గేర్లు చెప్పమన్నాను" అంది ఆవిడ. తరవాత మళ్లీ అడగలేదు. ఆవిడ అడగడం మానేసిందంటే కాస్త అనుమానించాలని ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషికి తట్టకపోవడం నాకు ఇప్పటికీ విడ్డూరమే.

ఏటా వేసవిలో ఊళ్లోని రెండు డ్రైవింగ్ స్కూళ్లకీ క్రికెట్ మ్యాచ్ జరిగేది. నేర్చుకునేవాళ్ల చేత కార్లని ఎనిమిది అంకెలా తిప్పించే సిమెంటు మైదానంలోనే ఆట. ఆ రోజు అవతలి స్కూలు మాస్టారు బ్యాటింగు చేస్తున్నాడు. మనిషి బీరువా అంత ఉంటాడు. ఆయన బంతిని గాల్లోకి లేపి పరుగు తీశాడు. మన మాస్టారు ఆకాశం వైపు చూస్తూ చేతులు చాపుకుని అటునుంచి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసేసరికి మధ్యలో మూరెడు దూరం కూడా లేదు. మామూలు మనుషులైతే పక్కకి తప్పుకునేవారు. వీళ్లు ఇద్దరూ పాఠాలు చెప్పేవాళ్లాయె! ఇద్దరూ ఒక్కసారే "బ్రేక్!" అని అరిచి కుడికాలు నేలకేసి గట్టిగా నొక్కారు.

అవతలాయన తన బరువు వల్ల ఎక్కడివాడు అక్కడ ఆగిపోయాడు. మన మాస్టారి కాలు ఆగింది, పై మనిషి ఆగలేదు. కుడి మోకాలు ముందు తగిలేలా సిమెంటు నేల మీద కూలాడు. టప్పుమన్న చప్పుడు బౌండరీ దగ్గరున్నవాళ్లకీ వినపడింది. బంతి తీరుబడిగా కిందికి దిగి ఆయన వీపు మీద పడింది. "క్యాచేనా?" అని ఎవరో అడిగారు కూడా.

పగటిపూట చుక్కలు కనిపిస్తున్న ఆ మనిషిని తీసుకెళ్లి సొంత కారు వెనకసీట్లో పడుకోబెట్టారు. అవతలి మాస్టారు ఆయన కాలుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కారు కదిలింది. రెండు మలుపులు తిరిగాక గానీ మన మాస్టారికి ముందు సీట్లో ఎవరున్నారో చూడాలనిపించలేదు. చూస్తే, మ్యాచ్ చూడ్డానికి వచ్చిన భార్య.

"నువ్వు... నువ్వు దిగు!"

"దిగితే బండి మీరు నడుపుతారా?" అంది ఆవిడ అద్దంలోంచే చూస్తూ.

"భయపడకండి బావగారూ, చెల్లెమ్మ బ్రహ్మాండంగా నడుపుతుంది. నాలుగేళ్ల కిందట నా దగ్గరే నేర్చుకుంది" అన్నాడు అవతలి మాస్టారు గర్వంగా.

మాస్టారు అప్పుడు పెట్టిన కేక మోకాలి కోసం అని ఆసుపత్రివాళ్లు అనుకున్నారు. కాదు. నేర్చుకుంటే నేర్చుకుంది, ప్రత్యర్థి స్కూల్లోనా!

చిప్ప రెండు ముక్కలైంది. డాక్టరు తీగలు చుట్టి ముక్కల్ని కలిపాడు. తొడ నుంచి పిక్క దాకా పట్టీలూ ఇనుప బద్దలూ ఉన్న తొడుగు వేసి, ఎముక అతుకుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వంచాలన్నాడు. స్కూలు ఓనరు పండ్ల సంచీతో చూడ్డానికొచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, పండ్లలో ఒకటి తనే వొలుచుకుంటూ అన్నాడు.

"మాస్టారూ, మీరు బెంగ పెట్టుకోకండి. కొత్త బ్యాచి మొదలయ్యేసరికి కాలు బ్రేకు నొక్కితే సరే సరి. నొక్కకపోతే మిమ్మల్ని వదులుకుంటామా? బోర్డుల గదిలో కూర్చోబెడతాం."

బోర్డుల గది అంటే స్కూలు వెనక ఉన్న కిటికీ లేని గది. గోడ నిండా రోడ్డు గుర్తుల బొమ్మలు. చేత్తో బెత్తం పట్టుకుని "ఇది మలుపు, ఇది వంతెన" అని పొద్దుట్నించి సాయంత్రం దాకా చెప్పాలి. అక్కడ ఏదీ కదలదు. కదలనిదాన్ని ఆపేదేముంటుంది? ఓనరు వెళ్లాక ఆయన దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. ఆవిడ చూసీ చూడనట్టు మాత్రలు లెక్కేసుకుంది.

ఇంటికొచ్చాక అసలు బాధ మొదలైంది. కాలికి వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి చిన్నదే గానీ గట్టిది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "తొడ బిగించి తువ్వాలుని కిందికి నొక్కండి అంకుల్" అనేది.

"నొక్కుతున్నానమ్మా."

"మీరు బిగించింది మెడ, అంకుల్."

ఇంకాస్త బలం పెట్టేవాడు.

"ఇప్పుడు పళ్లు కొరుకుతున్నారు. తొడ కదల్లేదు."

దెబ్బ తగిలిన మోకాలి పైన కండరం అలా మొద్దునిద్ర పోతుందట, భయం కూడా తోడైతే ఇక లేవదట. మాస్టారికి భయం మా చెడ్డగా ఉంది. నొక్కితే తీగ తెగి, చిప్ప ఎగిరి ఎదుటి గోడకి కొట్టుకుంటుందని ఆయన ఊహ. ఆ మాట పైకి చెబితే ఆ పిల్ల నవ్వు ఆపుకోడానికి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. వారాలు గడిచాయి. కొత్త బ్యాచి దగ్గర పడుతోంది. తొడ మాత్రం పీలగా తయారవుతోంది. ఒకనాడు ఆయన కాలు వంక చూసుకుని, "ఇది నాది కాదే" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ ఆయన తల నిమిరింది.

తొడుగు కొంచెం వంగే స్థితికి వచ్చాక, డాక్టరు దగ్గరికి ఆవిడే కారులో తీసుకెళ్లింది. ముందు సీటు వెనక్కి జరిపి, కాలు చాపి కూర్చోబెట్టింది. ఆయన ముఖం మాడ్చుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సందు మొదట్లో పాలవ్యాను అడ్డొచ్చింది. ఆవిడ నెమ్మదిగా ఆపింది. ఆపి, పక్కకి చూసి, నోరు వెళ్లబెట్టింది.

"ఏమండీ! నొక్కారు!"

నొక్కాడు. తొడ బిగుసుకుంది, మడమ కారులోని చాప మీద ఒత్తుకుంది. చిప్ప ఎక్కడిది అక్కడే ఉంది. ఆయనకే తెలియకుండా జరిగిపోయిందంతా.

మర్నాడు ఫిజియో అమ్మాయి తొడ తడిమి చూసి ఆశ్చర్యపోయింది. "ఏం చేశారంకుల్?"

"నేనేం చేయలేదమ్మా. ఈవిడ బండి నడిపింది."

ఆ పిల్ల డాక్టరుని అడిగి వచ్చి, మందు చెప్పినంత సీరియస్‌గా చెప్పింది: "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆంటీ పక్కన కూర్చోండి."

అక్కణ్ణుంచి ఆ వీధిలో వేడుకే వేడుక. ఆవిడ దారులు ఏరి మరీ ఎంచేది. బడి వదిలే వేళకి బడి ముందు నుంచి, కూరల బజారులోంచి, రివర్సులో వచ్చే లారీల గోడౌన్ పక్క నుంచి. ఆయన "పిల్లాడు! సైకిలు! లారీ! లారీ!" అని కేకలేస్తూ ఖాళీ నేలని నొక్కేవాడు. ఇంటికొచ్చేసరికి చెమటలు, తొడ సలుపు. "భలే, ఇవాళ బాగా భయపడ్డారు" అని ఆవిడ వేడినీళ్ల సంచీ తెచ్చేది. మోకాలు వంగసాగింది. తువ్వాలు మీదా నొక్కడం వచ్చింది. తొడుగు తీసేశారు.

తరవాతే ఎవరూ అనుకోని ఇబ్బంది వచ్చిపడింది. కారులో నొక్కుళ్లు తగ్గిపోయాయి. బడి ముందు ఒక్కటి, బజారులో అదీ లేదు. ఆయన కిటికీలోంచి టమాటాల ధర చూస్తున్నాడు. ఫిజియో అమ్మాయి గుచ్చి గుచ్చి అడిగితే గుటకలు మింగి, "ఈవిడకి ముందే కనిపిస్తోందమ్మా అన్నీ. నేను నొక్కేలోపే ఆపేస్తోంది" అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు. ఆ మాట ఆ అమ్మాయితో చెప్పాడు గానీ ఆవిడతో చెప్పలేదు. మగాళ్ల సంగతి తెలిసిందే కదా.

కొత్త బ్యాచి ముందురోజు ఓనరు పరీక్షకి పిలిచాడు. స్కూలు కారులో మాస్టారు తన పాత సీట్లో, తన పాత బ్రేకు ముందు కూర్చున్నాడు. ఓనరు వెనకసీట్లో ఎక్కాడు. "నడిపేదెవరు?" అన్నాడు. కుర్రమాస్టర్లంతా అప్పటికే పాఠాలకి వెళ్లిపోయారు. ఆయన్ని దింపడానికి వచ్చిన ఆవిడ, "నేను నడుపుతానండీ" అని ఎక్కేసింది.

మైదానం దాటి రోడ్డెక్కారు. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి కుక్క ఒకటి రివ్వున దూకింది. కారు కుదుపు లేకుండా, కుక్కకి జానెడు దూరంలో ఆగిపోయింది. కుక్క వీళ్ల వంక ఒకసారి చూసి, తీరిగ్గా ఒళ్లు విదిలించుకుని వెళ్లింది.

"శభాష్ మాస్టారూ! కాలంటే కాలే! రేపే వచ్చేయండి" అని ఓనరు వెనక నుంచి భుజం చరిచాడు.

మాస్టారు తన కాలు వంక చూసుకున్నాడు. అది బ్రేకు పక్కన హాయిగా పడుకుని ఉంది. అసలు లేవనే లేదు.

ఆవిడకీ తెలుసు. అయినా ముందుకే చూస్తూ, "అవునండీ, ఆయనే నొక్కారు" అంది.

ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే చాలు. పాత సీటు, పాత బ్రేకు, రేపటి నుంచి గోడల వైపు బయల్దేరే కొత్త పిల్లలు, అన్నీ తిరిగి వచ్చేస్తాయి. మాస్టారికి బోర్డుల గది కళ్ల ముందు మెదిలింది. బెత్తం కూడా కనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"నేను నొక్కలేదండీ. ఇది ఆవిడ."

ఆవిడ స్టీరింగు మీద వేళ్లు బిగించింది. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. నాలుగేళ్లుగా ఆవిడ ఎదురుచూసిన సర్టిఫికెట్ అది.

ఓనరుకి మాత్రం చిరాకెత్తింది. "అయితే మీ కాలు పనిచేస్తుందో లేదో తేలేదెలా? మీరు దిగండమ్మా, నేను నడుపుతాను" అని ముందుకొచ్చాడు. ఓనరు స్కూలు కొన్నాడు గానీ బండి ఎప్పుడూ పనివాళ్లే నడిపేవారు. దర్జాగా గేరు వేసి, వెనకున్న ఆవిడ వైపు తిరిగి, "అసలు డ్రైవింగ్ అంటే..." అని మొదలుపెట్టాడు. కారు ఎదురుగా ఉన్న పూలకుండీల దుకాణం వైపు అంతే దర్జాగా బయల్దేరింది.

ధడేల్!

ఓనరు కళ్లజోడు ఎగిరి అద్దానికి తగిలి, డ్యాష్‌బోర్డు మీద పడింది. మొదటి కుండీ, కారు ముక్కూ ముద్దుపెట్టుకునేంత దగ్గరలో ఉన్నాయి. మాస్టారి మోకాలు వంగి, తొడ రాయిలా బిగిసి, బ్రేకు నేలకి అంటుకుని ఉంది. నొప్పే లేదు.

"ఎవరు నొక్కారండీ?" అన్నాడు మాస్టారు మర్యాదగా.

"మీరే, మీరే" అన్నాడు ఓనరు కళ్లజోడు తడుముకుంటూ. "రేపు కాస్త తొందరగా రండి."

ఇంటికి తమ పాత కారులో బయల్దేరారు. ఆవిడే నడుపుతోంది. కొంత దూరం పోయాక, "అవతలి స్కూలు అన్నయ్యగారికి ఫోన్ చేసి చెప్పాలి, మీరేమన్నారో. ఆయన నమ్మరు" అంది. బడి ముందు పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతున్నారు. ఆవిడ ఆపింది. "పిల్లాడు!" అన్న కేక రాలేదు. పక్కకి తిరిగి చూసింది.

బ్రేకు మాస్టారు తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, కుడికాలు బారుగా చాపుకుని గురక పెడుతున్నాడు.

ఇల్లొచ్చింది. బండి ఆపితే మెలకువ వస్తుందని ఆవిడ ఇంటి ముందు నుంచి మెల్లగా పోనిచ్చి, ఊరంతా ఇంకో చుట్టు తిప్పింది.