కంటి అట్ట మీద థింసా

ఆ కంటి అట్ట వచ్చిన రోజే దాన్ని పొయ్యిలో పెట్టేసుంటే ఇంత గొడవ ఉండేది కాదు. కానీ అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కిందనించి ఆఫీసు కాయితం ఏది వచ్చినా కళ్లకద్దుకునే వయసు.

డెబ్బయిల్లో మాట ఇది. ముంచింగిపుట్టు సంతనించి రెండు గంటలు నడిస్తే వచ్చే కొండ ఊరు. విజయనగరం వైపునించి వచ్చి అక్కడ పడ్డాను. నర్సుని నేనే, కాంపౌండర్ని నేనే, సబ్‌సెంటరు ఊడ్చేదాన్నీ నేనే. పదిహేను రోజుల్లో కంటి డాక్టరు సర్వేకి వస్తాడు, ఈలోగా జనానికి అట్ట అలవాటు చెయ్యమని ఉత్తరం వచ్చింది. చదువు రానివాళ్ల కోసం చేసిన అట్ట. మూడు పళ్ల దువ్వెనలాంటి గుర్తులు, పైన పెద్దది ఒకటి, కిందకి పోయేకొద్దీ చిన్నవి. పళ్లు ఎటు తిరిగున్నాయో చేత్తో చూపిస్తే చాలు.

సర్వే మాటెలా ఉన్నా నాకు కావలసింది ఒక్క మనిషి. ఊళ్లో అందరికంటే పెద్దావిడ, నేను మామ్మా అని పిలిచేదాన్ని. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎడమది ముదిరి పాడైపోయింది. కుడి కంటికి ఇంకా వెలుతురు తెలిసేది. ఆ ఏడు ఆపరేషన్ పడకపోతే అదీ పోతుందని నాకే తెలుస్తోంది. సర్వేలో పేరెక్కితేనే జీపులో శిబిరానికి తీసుకెళ్తారు, మళ్లీ జీపు వచ్చేది ఏడాదికి.

కనపడదని మాత్రం ఆవిడ ఒప్పుకునేది కాదు. మా గుమ్మం స్తంభానికి దణ్ణం పెట్టి, "ఏటి నర్సమ్మా, సిక్కిపోయావు," అనేది. ఊరు ఊరంతా స్తంభం చిక్కిపోయిందన్నట్టే తల ఊపేది. ఎందుకంటే థింసా ఆటలో వరసకి ముందుండేది ఆవిడే. ఆడవాళ్లంతా ఒకరి వీపు వెనక ఒకరు చేతులేసుకుని ఆడతారు. ముందున్నావిడ అడుగు తప్పితే వెనకున్నవాళ్లంతా అదే తప్పు వెయ్యాలి. అందరి ముందూ పెద్దావిణ్ణి దిద్దకూడదు. అది వాళ్ల మర్యాద. థింసా అంటే ఏదో అనుకుని వచ్చాను గానీ, నిజం చెప్పొద్దూ, వీళ్లది బురదలో నడిచినట్టుండేది. ఇదేనా అంత గొప్పది అనుకుని ఊరుకున్నాను.

అట్ట గోడకి తగిలించి అందర్నీ కూచోబెట్టాను. నవ్వులే నవ్వులు. అప్పుడు మామ్మ అడిగింది.

"నర్సమ్మా, తప్పు సూపిత్తే ఏటవుద్ది?"

నేను మంచి కబురే చెప్తున్నాననుకున్నాను. "ఏటవుతుంది మామ్మా! జీపెక్కించుకుని కిందకి తీసుకుపోతారు!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆ ఊరినించి జీపెక్కి కిందకి పోయినవాళ్లంటే అడవి నరికి పోడు చేశారన్న కేసుల్లో జైలుకి పోయిన మగాళ్లే. తిరిగి రావడానికి ఒక్కోరికి రెండు పంటలు పట్టేది. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు. నా నోరు పడిపోనూ.

మర్నాటినించీ ఊరికి ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. పొద్దున్నా సాయంత్రం అట్ట ముందు వరసకట్టి కుడికి ఓ అడుగు, ఎడమకి ఓ అడుగు, చెయ్యి పైకి, చెయ్యి కిందకి. మామ్మ కోడలు ఒక్కో గుర్తూ చెవిలో చెప్తుంటే, అట్ట మొత్తం పైనించి కిందదాకా థింసా కట్టేసింది మామ్మ. నేనేమో, ఆహా నా పాఠం ఎంత బాగా ఎక్కింది అని మురిసిపోయాను.

జీపు వచ్చింది. పనస చెట్టు కింద డాక్టరుగారు బల్ల వేసుకున్నారు. మొదట మామ్మే నిలబడింది. ముందు కాయితం మీది ప్రశ్నలు.

"వయసెంత?"

"మీకే తెలవాల. రాసుకునీది మీరే కదా."

"ఇంట్లో పొగ ఉంటుందా?"

"పొగ లేకపోతే అది ఇల్లేటి బాబూ?"

ఆయన పాపం అదీ రాసుకున్నారు. తర్వాత అట్ట. పొల్లు పోకుండా పైనించి కిందదాకా చూపించింది మామ్మ. ఆఖరి వరస చీమ తలకాయంత గుర్తులతో సహా! ఆవిడ తర్వాత కోడలు, కోడలు తర్వాత ఊరు, అందరూ అంతే. నడుం ఊగుతోంది, పాదం కదులుతోంది. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆఖరి వరస నాకే కనపడదమ్మా. ఏం గాలో ఈ కొండ గాలి! ఈ ఊళ్లో కంటి జబ్బే లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆవిడకి చూపు లేదండీ. మీ టార్చి వేసి చూడండి," అన్నాను.

"టార్చి అట్ట తప్పినవాళ్లకేనమ్మా. రూలు."

ఆయన అంబలి తాగడానికి అటు తిరగ్గానే నేను వెళ్లి అట్టని తలకిందులుగా తగిలించేశాను. పెద్ద గుర్తు మీద కర్ర పెట్టి, "మామ్మా, మళ్లీ రా!" అని అరిచాను. వచ్చింది. పళ్లు ఎడమకి తిరిగుంటే కుడికి చెయ్యి చాపింది, ధీమాగా. కోడలు చూసింది. అట్ట తిరగబడిందని ఆ పిల్లకి తెలుసు, మొహం పాలిపోయింది. అయినా కుడికే చాపింది. దాని వెనక, మైలు దూరంలో కొమ్మ మీది పిట్టని కొట్టే కుర్రాళ్లు కూడా కళ్లు ఇంతింత చేసుకుని కుడికే చాపారు.

డాక్టరుగారు అంబలి గిన్నె కింద పెట్టారు. "పొద్దున్న ఒక్కరికీ లేని జబ్బు మధ్యాహ్నానికి ఊరందరికీ ఎలా వచ్చిందమ్మా? ఏం పెట్టావు వీళ్లకి?"

"రూలు ప్రకారం అందరికీ టార్చి వెయ్యాలి కదండీ," అన్నాను.

వెయ్యక చస్తారా! మామ్మ మొహం దగ్గరకి వంగారు. ఆవిడ ఏదో అనబోయి నోరు తెరిచింది. లోపల ఎర్రగా నిప్పు. మా వైపు ఆడవాళ్లకి అడ్డచుట్ట మామూలే, కాలే కొన నోట్లో పెట్టుకుంటారు. ఈయనది ఏ ఊరో, "నిప్పు! నోట్లో నిప్పు!" అని కెవ్వుమని బల్ల మీద వెల్లకిలా పడ్డారు.

లేచాక మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశారు. పొద్దు వాలేదాకా చూశారు. పొగలో వంటచేసే ఆడవాళ్లలో ఎందరికో శుక్లాలు, కొందరికి రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కళ్లని గీరేస్తున్నాయి, పసరు పోసి చెడగొట్టుకున్న కళ్లు ఇంకొన్ని, నలుగురైదుగురు పసివాళ్లకి రేచీకటి. కొండ గాలి మాట మళ్లీ ఎత్తలేదు. మామ్మ దగ్గరకి తిరిగొచ్చి, "కుడి కన్ను దక్కుతుంది. రేపే బయల్దేరాలి," అన్నారు.

"నానెల్లను," అంది మామ్మ. "నాకు కనపడదని ఎలిపోతే వరస ముందు ఎవులుంటారు? అయినా జీపెక్కినోళ్లు బేగి వత్తారేటి?"

అప్పుడర్థమైంది నాకు, నేనేం వాగానో. ఏడుపూ కోపమూ కలిసొచ్చేశాయి. నా రేకు పెట్టె, నా చీరలూ సర్టిఫికెట్లూ అన్నీ ఉన్న పెట్టె, ఈడ్చుకొచ్చి ఆవిడ గుమ్మంలో పడేశాను. "నేనూ వస్తాను. నిన్ను తిరిగి తీసుకురాకపోతే ఇదంతా మీదే. ఇహ ఎక్కు!"

ఆవిడ పెట్టె తడిమింది, తాళం లాగి చూసింది. అప్పుడెక్కింది.

ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే మాటలా! తలకి రెండు వైపులా ఇసక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టేవారు. మామ్మ వారం రోజులూ చుట్ట కోసం అందర్నీ తిట్టిపోసింది. తిరుగు ప్రయాణంలో సీసా అడుగంత మందం కళ్లజోడు పెట్టుకుని, రోడ్డు మీద కనపడ్డ ప్రతి మేకనీ నాకు చూపించింది.

చైత్రంలో, వేటకీ విత్తనాలకీ కొండవాళ్లు చేసుకునే ఇటుకల పండగ వచ్చింది. డప్పు మోగింది, ఆడవాళ్లు వరసకట్టారు, మామ్మ ముందు నిలబడింది. నాలుగడుగులు పడ్డాయి. ఆవిడ మెడ తిప్పి వెనక పాదాలు చూసింది. ఆగిపోయింది. డప్పూ ఆగింది.

"ఇదేటే? కాళ్లకి సంకెళ్లేసినట్టు ఈ నడకేటి? గెంతు ఏదీ? తిరుగుడు ఏదీ?"

కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కరి పాదాలూ మళ్లీ చూసింది.

"ఎన్నాళ్లనించి ఇలాగ ఆడతన్నారే?"

కోడలు తల దించుకుని నెమ్మదిగా చెప్పింది. "మూడేళ్లయింది అత్తా. నువ్వు పడిపోతావని."

మామ్మ అక్కడే మట్టిలో చతికిలబడి, కళ్లజోడు తీసేసి భోరున ఏడ్చింది. ఆపరేషనైన కన్ను తడపకూడదని చెప్పాల్సిన నేనూ ఏడుస్తున్నాను. మూడేళ్లుగా ఆ ఊరు ఆటంతా ఆవిడ అడుగుకి సరిపడా కుదించేసుకుంది, నేనేమో వీళ్లకి థింసా రాదనుకున్నాను.

కాసేపటికి మామ్మ లేచింది. కళ్లజోడు చీర చెంగుతో తుడుచుకుని పెట్టుకుంది. కోడలు అలవాటుగా ఆవిడ వీపు మీద చెయ్యేసి, రాయి లేని వైపు మెల్లిగా నెట్టింది.

"తొయ్యకే," అంది మామ్మ. "కనపడతంది నాకు."