ఇసుకలోనే ఉంచేశాను

పదిహేనేళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్క మాట, అంతే. అన్నం ముద్ద కలుపుతుంటే కూడా చేతికి అడ్డొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

టెక్కలికి తూర్పున, సముద్రం హోరు వినిపించే ఒక ఉద్దానం పల్లెలో బడిపంతుల్ని నేను. మా బడిలో పిల్లలు ముందు చూరు కింద ఇసుకలో దిద్దాలి. అక్షరాలన్నీ కుదిరాక పలక, బడి లోపల చోటు. పలక ఇచ్చిన రోజున పంతులు పక్కన కూర్చుని, పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని మొదటి అక్షరం రాయించాలి. ఇంటివాళ్ళు బెల్లం పంచుతారు. ఎప్పటి ఆచారమో.

ఒక ఏడు తనిఖీకొచ్చిన దొరగారు, ఏ కులం పిల్లల్నీ తిప్పి పంపకూడదని గట్టిగా చెప్పి వెళ్ళారు. ఆ మాట పట్టుకుని మాలపేట నుంచి ఒకతను కూతుర్ని తీసుకొచ్చాడు. అసిరమ్మ. ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. కాదనలేదు. లోపలికి రానివ్వనూ లేదు. చూరు బయట, కొబ్బరిచెట్ల నీడన ఇసుకలో కూర్చోబెట్టాను. అరుగు మీద నుంచే బెత్తం చాపి తప్పులు చూపించేవాణ్ణి. ఆ బెత్తంతో ఆ పిల్లను ఒక్క దెబ్బ కూడా వేయలేదని, నేనెంత మంచివాణ్ణోనని మురిసిపోయేవాణ్ణి కూడా.

వానలు వెలిసేసరికి అసిరమ్మకు అక్షరాలన్నీ వచ్చేశాయి. లోపలి పిల్లలు గుణింతాలు వల్లిస్తుంటే విని అవీ పట్టేసింది. ఇక పలక ఇవ్వాలి. ఇస్తే చెయ్యి పట్టుకోవాలి.

ఊరు ఏమంటుందోనని భయపడ్డానా? అవును. అదొక్కటేనా? కాదు. ఎవరూ చూడకపోయినా ఆ చెయ్యి పట్టుకునేవాణ్ణి కాదు. ఈ ముక్క నాలో నేను ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. తిలాపాపం తలా పిడికెడని ఊరందరికీ పంచేద్దామని ఎంతో చూశాను గానీ, ఆ రోజు బెత్తం పట్టుకుని అరుగు మీద కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ పిల్ల తలెత్తి అడిగింది. “ఇంకా కుదర్నేదేటి, బాబూ?”

“లేదే. ఇంకా దిద్దు.”

అదీ నా అబద్ధం. పొమ్మంటే పైవాళ్ళకు తెలుస్తుంది. కుదరలేదంటే ఎవరికి తెలుస్తుంది? రాసినదంతా అరచేత్తో చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేది. రెండేళ్ళు. తనకంటే వెనక వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పలకలతో లోపలికి పోతుంటే చూస్తూ దిద్దింది. ఒక రోజు రాలేదు. కొబ్బరిపీచు కొట్టే పనికి పోతోందని తెలిసింది. నాకు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తుంది.

మొన్న వేసవిలో, మా బడికి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టరు పేట పిల్లల్ని చేర్పిద్దామని నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. ఒక గుమ్మంలో అసిరమ్మ ఉంది. ఆమె కొంగు పట్టుకుని ఆరేళ్ళ కూతురు. పాపను బడికి పంపమ్మా అన్నాడతను.

“ఒద్దు బాబూ. నాకే రానేదు, దీనికేటొత్తాది? రొండేళ్ళు ఇసకలో దిద్దినాను. ఒక్కచ్చరం కుదర్నేదు. నాది మొద్దుబుర్ర. పంతులుబాబుకి తెలుసు, అడగండి.”

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును. నా మాటను అంతగా నమ్మింది. మాస్టరు నా వైపు తిరిగాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను తల వంచుకున్నాను. అతను దాన్ని అవుననే అనుకున్నాడు. ఆ పాప ఇవాళ్టికీ బడికి రావడం లేదు.

ఎందుకు నోరు పెగల్లేదు? కుర్రవాడి ముందు పరువు పోతుందనా? అంతే అయ్యుంటుంది. అంత చిన్నదానికి.

అసిరమ్మకు అక్షరాలు కుదిరాయి. మొదటి వానాకాలానికే, అన్నీ, చక్కగా కుదిరాయి. ఇది రాశాక గుండె కాస్త తేలికైంది. నాకే, ఆమెకు కాదు. ఈ కాగితం తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టినా ఇప్పుడిక చదువుకోలేదు. అలా చేసింది నేనే.