ధడేల్‌మనే కెమెరా

బతుకంతా పెళ్లిళ్లకు ఫొటోలు తీసిన పెద్దమ్మ, రేపటి కారు ప్రయాణం కోసం తన రీలు కెమెరాలన్నీ మంచం మీద పరిచింది. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, రీలు లేకుండానే నొక్కి చూస్తోంది. మెత్తగా మోగినవాటిని మూతి విరిచి పక్కకు నెట్టేస్తోంది. తలుపు విసిరికొట్టినట్టు ధడేల్‌మన్న పాతదాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని, అద్దం మీద ఊది ఊది తుడిచింది.

"అది వద్దు పెద్దమ్మా, రోడ్డంతా మనవైపే చూస్తుంది," అన్నాడు కారు నడపబోయే చెల్లెలి కొడుకు.

"చూడనీరా! ఫొటోలు తీసే మనిషి ఉన్నట్టే తెలియకూడదనేవారు పెళ్లివాళ్లు. అందుకని నోట్లో నాలుక లేని కెమెరాలు పట్టుకుని స్తంభాల చాటున పిల్లిలా తిరిగాను. ఇక తిరగను."

రీలు ఎక్కించి వాడి ముఖం మీదే ధడేల్‌మనిపించింది. పక్కింటి కుక్క ఉలిక్కిపడి మొరిగింది.

"చూశావా," అంది పెద్దమ్మ, "నేనున్నానని కుక్కకు కూడా తెలిసింది."