గాజులో దూరని తెల్ల బంతి

అందరూ బాగున్నారా? పులివెందులలో మా కూతురికి దగ్గు తగ్గింది. ఇక్కడ జమ్మలమడుగులో మా ఆయన మంచం మీదే ఉన్నాడు, కాస్త అన్నం తింటున్నాడు. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. ప్రొద్దుటూరులో మా తమ్ముడు మాత్రం లేడు. పోయిన సోమవారం గుండె ఆగి పోయాడు.

చివరి చూపుకు నేను పోలేదు. వదిలిపోతే మా ఆయన మంచం మీద నుంచి పడతాడేమోనని భయం. ప్రొద్దుటూరు ఎంత దూరమని మీరు అడగవచ్చు. నాకు మా గడపే దూరం.

మా ముందుగదిలో నాణెం వేసి ఆడే పూల్ టేబుల్ ఉంది. ఇల్లు దానిమీదే నడుస్తుంది. అలాంటి టేబుళ్లను బాగుచేయడం తమ్ముడి పని. గుంతలో పడిన రంగు బంతులు మళ్లీ నాణెం వేసేదాకా లోపలే ఉంటాయి. తెల్ల బంతి మాత్రం పడినా బయటికి రావాలి. ఆ సంగతి తెలియక, పాతది పెచ్చులూడినప్పుడు, రంగు బంతులతో సరిగ్గా సమానంగా ఉన్న తెల్లదాన్ని తెప్పించాను. మొదటి ఆటలోనే అది లోపల చిక్కుకుంది. ఆడేవాళ్లు కర్రలు గోడకు ఆనించి వెళ్లిపోయారు.

తమ్ముడు వచ్చి టేబుల్ తలుపు తీసి నవ్వాడు.

"పెండ్లిచూపులకు పోయినట్ల జత చూసి తెచ్చినావు గదక్కా. నీ టేబుల్‌కు తెల్లది రవ్వంత లావుండాల. అప్పుడే రంగు బంతుల దారిలో దూరకుండా బయటికొస్తాది."

"రవ్వంతంటే నాకెట్ల తెలుస్తాది నాయనా?"

నా చేతి గాజు ఒకటి తీయమన్నాడు. రంగు బంతి అందులోంచి జారిపోయింది. తను తెచ్చిన తెల్లది అంచుమీదే నిలిచింది.

"నిలబడితే కొను. అరిగి జారిందంటే మార్చు. శానా బరువుది తేవాకు, ఆడేటోళ్లు నిన్నే తిడతారు."

పులివెందులలో ఒక టేబుల్‌కు ఈ కొలత పనికిరాదట. దాంట్లో తెల్ల బంతిని వేరే దారికి లాగే అయస్కాంతం ఉంటుంది, బంతి కడుపులో ఇనుము ఉండాలి. "బంతి నునుపు చూసి మోసపోవాకక్కా, ముందు టేబుల్ సంగతి కనుక్కో" అనేవాడు.

నెలకొకసారి వచ్చేవాడు. ముందు బావకు గడ్డం గీసి, తర్వాతే టేబుల్ ముట్టేవాడు. పోతూ పోతూ "మా ఇంటికి ఒకసారి రాక్కా" అనేవాడు. "మీ బావను ఎవరు చూస్తారప్పా" అనేదాన్ని. వాడు కట్టుకున్న ఇల్లు కూడా నేను చూడలేదు.

నిన్న మరదలు ఫోన్ చేసింది. "ఇప్పుడన్నా వస్తావా వదినా?"

ఎప్పటిలాగే ఆయన్ని ఎవరు చూస్తారనబోయాను. మంచం మీద నుంచి మా ఆయన అన్నాడు: "ఇన్నేండ్లూ నా పేరు చెప్పి ఇంట్లో కూర్చుంటివి. నేను పడను గానీ, పోయిరాపో."

కూతురు బుధవారం సాయంత్రం వస్తుంది, నాన్న దగ్గర ఉంటుంది. మరదలు ఇంటి గుర్తు చెప్పింది. వాకిట్లో బట్టలుతికే బండగా పాత పూల్ టేబుల్ లోపలి రాతిపలక వేసి ఉంటుందట, తమ్ముడే మోసుకొచ్చి పరిచాడట. గురువారం ఉదయం వస్తానని చెప్పాను.