ఐస్‌పెట్టెలో హెల్మెట్

2011 ఆగస్టులో ఒక శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి విల్సన్ కుడికాలు బల్ల మీద చాపి, చీలమండకు టేపు చుట్టమన్నాడు. ప్రతి మ్యాచ్‌కూ ముందు జరిగే పనే. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కు దగ్గర్లో ఒక మైదానం. నేను బ్రిస్బేన్‌లో ఫిజియోథెరపీ మూడో సంవత్సరం చదువుతున్నాను. శనివారాల్లో మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు స్పోర్ట్స్ ట్రైనర్‌గా ఉండేదాన్ని. టేపులు చుట్టడం, నీళ్ళందించడం, ఎవరికైనా దెబ్బ తగిలితే ముందుగా పరుగెత్తడం, అతను మళ్ళీ ఆడొచ్చో లేదో చెప్పడం ట్రైనర్ పని. ఆ చివరి పనికి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. దాని మాట ఎంతవరకు చెల్లుతుందో అప్పటికి తెలియదు.

విల్సన్‌ది చీరాల. సివిల్ ఇంజినీరింగులో మాస్టర్స్ చేయడానికి వచ్చాడు. క్రికెట్‌లో బౌండరీ దగ్గర నుంచి నేరుగా వికెట్లకు విసరగల చెయ్యి అతనిది. ఆ విసురు చూసి ఎవరో ఈ ఆటలోకి లాక్కొచ్చారు. బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవలసినవాణ్ణి ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటారు. రెండు సీజన్లు బెంచీ మీద కూర్చున్నాక ఆ ఏడాదే ఆ స్థానం అతనికి దొరికింది. డిసెంబరుకల్లా చదువు అయిపోతుంది, తర్వాత యూనివర్సిటీ జట్టులో ఆడే వీల్లేదు. ఆ రోజు రాష్ట్ర జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవాళ్ళు మ్యాచ్ చూడ్డానికి వచ్చారు. ఆటగాడిగా మిగలాలంటే అతనికి ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఒక విషయం ముందే చెప్పాలి. క్వార్టర్‌బ్యాక్ మణికట్టుకు ఒక పట్టీ ఉంటుంది. దాని కిటికీలో ఒక కార్డు. కార్డు మీద తొంభై ఎత్తులు, వాటికి నంబర్లు. కోచ్ గట్టు మీంచి నంబరు అరుస్తాడు, క్వార్టర్‌బ్యాక్ పట్టీలో చూసి తక్కినవాళ్ళకు చెబుతాడు. కార్డు లేనివాడు మైదానంలోకి దిగకూడదని మా కోచ్ నియమం.

విల్సన్‌కు కార్డు అక్కర్లేదు. తొంభై ఎత్తులూ బట్టీ పట్టాడు. "ఎంసెట్ కెమిస్ట్రీ ముందు ఇదెంత," అనేవాడు. పట్టీ మాత్రం కట్టుకునేవాడు. కార్డు ఉండాల్సిన చోట అతని అమ్మ నోటుపుస్తకం కాగితం మీద రాసిచ్చిన నాలుగు వరుసల ప్రార్థన ఉండేది. మణికట్టుకు టేపు వేసేటప్పుడు నాకు కనపడింది. ఆ జట్టులో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే.

"డాక్టరమ్మ గారూ, కోచ్‌కి చెప్పారో, నా పెళ్ళికి మీకు పిలుపుండదు," అన్నాడు.

"ముందు పిల్ల దొరకాలె గదన్నా," అన్నాను. మాది హన్మకొండ.

ఆటకు నాలుగు భాగాలు. మూడో భాగం మధ్యలో ఇద్దరు అతని మీద పడ్డారు. తల వెనకభాగం నేలకు తగిలింది. తనంతట తనే లేచి బొటనవేలు చూపించాడు. నేను పరుగెత్తి, తలకు దెబ్బ తగిలితే అడగాల్సిన ఐదు ప్రశ్నలు అడిగాను. ఏ మైదానంలో ఉన్నాం, ఇది ఏ సగం, చివరగా ఎవరు స్కోరు చేశారు, పోయినసారి ఎవరితో ఆడాం, గెలిచామా. ఐదింటికీ తడుముకోకుండా చెప్పాడు. పంపించాను. అది నా తప్పు.

కాసేపటికి కోచ్ నలభై రెండు అని అరిచాడు. విల్సన్ పట్టీ వైపు చూశాడు. చెయ్యి కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని మళ్ళీ చూశాడు. టైమ్ దాటిపోయి, తప్పు జరిగిందన్న గుర్తుగా రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. గోలలో వినపడలేదేమో అనుకున్నారు అందరూ. క్వార్టర్‌బ్యాక్ పట్టీ చూసుకోవడంలో వింతేముంది? కోచ్ అరవై ఒకటి అన్నాడు. విల్సన్ కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపాడు.

ఆ సీజన్‌లో అది ఏడో మ్యాచ్. పట్టీలో అతను ఏదైనా వెతకడం ఎప్పుడూ చూడలేదు.

కోచ్ టైమవుట్ అడిగాడు. ఒక్క నిమిషం విరామం. విల్సన్ గట్టు దగ్గరకు వచ్చి హెల్మెట్ తీసి నీళ్ళు తాగుతున్నాడు.

"అన్నా, పట్టీల ఏం చూస్తున్నవ్?"

"అరవై ఒకటి. కనపట్టం లేదు. కార్డు మార్చేశాడేంటి ఈయన?"

అమ్మ చేతిరాత వైపు చూస్తూనే ఆ మాటన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఐదు ప్రశ్నల్లో మూడింటికి జవాబులు మ్యాచ్‌కు ముందే బట్టీ పట్టవచ్చు. మిగతా రెండూ స్కోరుబోర్డు చూసి ఊహించవచ్చు. పరీక్షలు రాయడంలో ఆరితేరినవాడిని నేను పరీక్ష పెట్టి పాస్ చేశాను.

బెంచీ మీదున్న హెల్మెట్ తీసుకుని, మేము నీళ్ళ సీసాలు పెట్టుకునే ఐస్‌పెట్టెలో పడేసి, మూత వేసి దాని మీద కూర్చున్నాను.

కోచ్ డెబ్బైకి దగ్గరపడిన అమెరికన్. "నీ ఐదు ప్రశ్నలకూ జవాబులు చెప్పాడా?" అన్నాడు.

"చెప్పాడు."

"అయితే హెల్మెట్ ఇచ్చెయ్."

"ఇవ్వను. అతను ఇక ఆడడు."

విల్సన్ నా మీదికి వంగాడు. "ఇది నా లాస్ట్ ఇయర్. నీకు తెల్సు. సెలెక్టర్లు చూస్తున్నారు. లే."

"లెవ్వ."

"అసలు నువ్వు మనదానివా, వాళ్ళదానివా?"

విరామం అయిపోవస్తోందని రిఫరీ ఈల చేతిలోకి తీసుకున్నాడు. నిజం చెబితే విల్సన్ గుట్టు బయటపడుతుంది. నియమం తప్పినందుకు ఆ సీజన్ అంతా బెంచీయే. చెప్పకపోతే మూత మీది నుంచి నన్ను లేపేస్తారు. అతని చెయ్యి పట్టుకుని పట్టీ విప్పి, కాగితం తీసి కోచ్‌కు ఇచ్చాను. కోచ్‌కు తెలుగు రాదు. అందులో అంకెలు లేవని తెలియడానికి తెలుగు రానక్కర్లేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"మొదటి మ్యాచ్ నుంచి. అన్నీ నోటికి వచ్చు. ఇప్పుడు ఆ సంగతే మర్చిపోయాడు."

కోచ్ కాగితాన్ని మడత చెడకుండా విల్సన్ జేబులో పెట్టి, రెండో క్వార్టర్‌బ్యాక్‌ను పిలిచాడు. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆసుపత్రికి వెళ్ళే దారిలో విల్సన్ నన్ను మూడుసార్లు అడిగాడు, గెలిచామా అని. మూడుసార్లూ పక్కన కూర్చుని నేనే జవాబు చెప్పాను. అతనికి ఒక్కటీ గుర్తు లేదు.

స్కానింగులో ఏమీ లేదు. తలనొప్పి మాత్రం రెండు నెలలు వదల్లేదు. వెలుతురు పడేది కాదు, పుస్తకంలో అరపేజీ చదివితే వాంతి. ముందటి ఏడాది ప్రాక్టీసులో కూడా ఇలాంటి దెబ్బే తగిలిందనీ, ఎవరికీ చెప్పలేదనీ డాక్టరు ముందు ఒప్పుకున్నాడు. ఇక ఆడొద్దన్నారు. ఏడు మ్యాచ్‌లతో అతని ఆట ముగిసింది. నేను ఫోన్ చేస్తే తీసేవాడు కాదు. పదిమందిలో పరువు తీసిందని రూమ్మేట్లతో అన్నాడని తెలిసింది.

అక్టోబరు చివర్లో మా ఇంటికి వచ్చాడు. ఇంట్లోకి వచ్చాక కూడా చలువ కళ్ళద్దాలు తీయలేదు.

"అందరూ తలో మాట చెబుతున్నారు. నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఏమీ తగ్గించలేదు.

"కాగితం చూస్తూ నంబరు వెతికానా?"

"వెతికినవ్."

"అమ్మ రాసిందని తెలీలేదా నాకు?"

"తెల్వలే."

జేబులోంచి ఆ కాగితం తీశాడు. "ఎత్తులన్నీ బట్టీ పట్టాను గానీ, అదొక్కటీ పట్టలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నా," అన్నాడు. తర్వాత టీ అడిగాడు. పంచదార తక్కువైందని వంక కూడా పెట్టాడు. ఇక మాట్లాడతాడని నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి సీజన్‌కు కోచ్ అతన్ని సహాయకుడిగా పక్కన నిలబెట్టుకున్నాడు. తొంభై ఎత్తులు తలలో ఉన్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం దండగ అన్నాడట. పగలు రోడ్ల కంపెనీలో ఉద్యోగం, సాయంత్రాలు మైదానం. ముసలాయన తప్పుకున్నాక విల్సనే హెడ్ కోచ్ అయ్యాడు. పదేళ్ళకు పైగా చేశాడు. రాష్ట్ర జట్టుకు తను వెళ్ళలేకపోయినా నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లను పంపాడు.

కొత్తవాళ్ళకు మొదటి రోజు బంతి ఇచ్చేవాడు కాదు. పరుగెత్తించి, ఈల వేసి, హెల్మెట్ తీసి ట్రైనర్ చేతిలో పెట్టమనేవాడు. ఇరవై సార్లు, ముప్పై సార్లు. కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. "నవ్వండి. చేతికి అలవాటయ్యేదాకా చేయిస్తా. తల పనిచేయని రోజున చెయ్యే చెయ్యాలి," అనేవాడు. ఐదు ప్రశ్నలు వారం వారం మార్చమని ట్రైనర్లకు చెప్పేవాడు. "మావాళ్ళ సంగతి మీకు తెలీదు, బట్టీ కొట్టేస్తారు," అని నవ్వేవాడు.

నేను టూవూంబాలో ఫిజియోగా స్థిరపడ్డాను. ఆ రోజు తర్వాత ఏ పరీక్షనూ ఒంటరిగా నమ్మలేదు. ఎదుటి మనిషి మామూలుగా ఏం చేస్తాడో, ఏం చేయడో ముందు కనుక్కుంటాను. చేయనిది చేశాడంటే ఆపుతాను. తర్వాత తప్పని తేలినా ఫరవాలేదు. కొన్నిసార్లు తేలింది.

విల్సన్ పోయిన ఏడాది మేలో చనిపోయాడు. గుండె. ఆటకూ దానికీ సంబంధం లేదు. చదివేవాళ్ళు అడుగుతారని రాస్తున్నాను. ఆ కాగితం అతని చొక్కా జేబులో పెట్టి సాగనంపారు.

ఈ సీజన్ మొదటి మ్యాచ్‌కు ఆ మైదానానికి వెళ్ళాను. ఇప్పటి కోచ్ విల్సన్ దగ్గర నేర్చుకున్నవాడే. రెండో భాగంలో ఒక ఆటగాడు కిందపడి లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఎవరూ పిలవలేదు. నడుచుకుంటూ గట్టు దగ్గరకు వచ్చి, హెల్మెట్ తీసి ట్రైనరమ్మాయి చేతిలో పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ మైదానంలో ఇప్పుడు ఎవరూ హెల్మెట్ దాచాల్సిన పని లేదు.