ఆ ఏడాది పరిగె

నిజామాబాద్‌లో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ చెప్పే పంతులమ్మను. సంఘర్షణ సిద్ధాంతం పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. "నేరం ఆకాశం నుంచి ఊడిపడదు. భూమీ అధికారమూ ఉన్నవాళ్లు నియమం పెడతారు, దాన్ని దాటిన పేదవాడికి దొంగ అని పేరు పెడతారు" అని గొంతు చించుకుంటాను. అలాంటి నేనూ ఒకసారి నియమం పెట్టాను.

కమ్మర్‌పల్లి దగ్గర మాకు పసుపు చేను ఉంది. తవ్వకం అయ్యాక మట్టిలో మిగిలిపోయిన కొమ్ములను తవ్విన కూలీలే ఏరుకుంటారు. దాన్ని పరిగె అంటాం. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. ఆ ఏడాది పసుపు ధర బాగా పెరిగింది. బాపుకు మోకాళ్ల నొప్పులని నేనే సెలవు పెట్టి తవ్వకం చూసుకున్నాను. ఈసారి పరిగె లేదని మేస్త్రీకి ఒక మాట చెప్పి ఊరుకున్నాను.

ఏళ్లుగా మా చేనులో పనిచేసే అవ్వకు ఆ మాట చేరలేదు. మరునాడు పొద్దున్నే వంగి ఏరుకుంటూ కనిపించింది. నాకు ఒళ్లు మండింది.

"గిది దొంగతనం గాదా అవ్వా?" అని కూలీలందరి ముందు అరిచాను.

ఆమె ఒడిలోని కొమ్ములన్నీ నా కాళ్ల దగ్గర కుమ్మరించి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి చెబితే బాపు తింటున్న కంచం పక్కకు జరిపాడు. "నువ్వు పుట్టకముందుకెళ్లి ఏరుకుంటున్నది గామె. నిన్నటిదాంక పరిగె, గియ్యాల దొంగతనం ఎట్లయింది బిడ్డా? ధర పెరిగిందనేనా?"

సిగ్గుతో చచ్చిపోయాను. నేను క్లాసులో అడిగే ప్రశ్న అదే కదా!

సాయంత్రం ఆ కొమ్ములన్నీ మూట కట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె మూట ముట్టలేదు. "నాకు పసుపద్దు. నలుగుర్ల అన్నవు, నలుగుర్లనే ఎనుకకు తీస్కో" అంది.

మరునాడు ఆమెను తీసుకుని చేనుకు వెళ్లాను. క్లాసు నిండా పిల్లలున్నా తడబడని నోరు, ఎనిమిది మంది ఆడకూలీల ముందు పెగల్లేదు. "అవ్వ దొంగ గాదు. కానిమాట అన్నది నేను. పరిగె ఎప్పటిలెక్కనే మీది" అని ఎలాగో అన్నాను. ఏడుపు ఆగలేదు.

అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది. "అయ్యో, పిచ్చి పోరి! పంతులమ్మవయ్యి గింతదానికి ఏడుస్తవా?"

"గింతదేనా అవ్వా?"

ఆమె చెయ్యి ఆగింది.

"కాదు బిడ్డా. నిన్న ఇంటికి పోంగనే నా మన్మరాలు అడిగింది, అవ్వా నువ్వు దొంగవా అని. కాదే అన్న. పంతులమ్మ అన్నదంటే నిజమే ఉంటదన్నది."