ఉప్పు మలీద

నా చిన్నప్పుడు ఐతారం వచ్చిందంటే మా వాడలో అందరి కళ్లూ పక్కింటి సైకిలు మీదనే ఉండేవి. పక్కింటి బావ తడిగుడ్డతో సీటు తుడిచి, వెనక క్యారియరు మీద గొంగడిని నాలుగు మడతలు వేసి పరిచేవాడు. పక్కింటి అక్క తలుపుకు గొళ్లెం పెట్టి, కొంగు నడుముకు చెక్కుకుని, దాని మీద ఒక పక్కకు కూర్చునేది. మాది గోదావరికి ఆదిలాబాదు వైపు ఒడ్డున ఉన్న చిన్న పట్నం. పెళ్లాన్ని సైకిలెక్కించుకుని తిప్పే మగవాడు మా పట్నం మొత్తంలో ఆయన ఒక్కడే. అరుగుల మీద ముసలివాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. ఆయన వాళ్లందరికీ దండం పెట్టుకుంటూ గంట కొట్టుకుంటూ పోయేవాడు.

వాళ్లు మాకు చుట్టాలేం కారు. బావ జిన్నింగు మిల్లులో పత్తి తూకం దగ్గర పనిచేసేవాడు. ఆరు రోజులు పత్తి దుమ్ములో తుమ్మి, ఏడో రోజు ఎక్కడో ఒకచోట జరిగే పండుగ వెతుక్కుంటూ పోయేవాళ్లు. ఒక ఐతారం మల్లన్న బోనాలు. ఇంకో ఐతారం మొహర్రానికి పీరీలు లేచే ఊరు. శివరాత్రి తర్వాత ఒకసారి బస్సెక్కి వేములవాడ దాకా పోయి వచ్చారు. ఏ పండుగా లేని వారం, సంత జరిగే అంగడికైనా పోయేవాళ్లు. ఎక్కడికి పోయినా పొద్దు వంగకముందే తిరిగి వచ్చి, తలుపు వేసుకుని వంట మొదలుపెట్టేవాళ్లు. ఆ వాసన గోడ దాటి మా ఇంట్లోకి వచ్చేది. అక్కడ తిన్నదే ఇక్కడ మళ్లీ వండుతున్నారని వాసనతోనే పోల్చుకునేదాన్ని.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరింట్లో ఏం జరుగుతున్నదో తెలియకపోతే అన్నం సయించని పిల్లను. మా అమ్మను అవ్వ అనీ నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని. అవ్వ నన్ను పేరు పెట్టి పిలిచిన దానికన్నా 'పోలీసు పటేలా' అని పిలిచిందే ఎక్కువ. వంట చేసుకోవడానికి తలుపెందుకు వేసుకోవాలి? ఈ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మా పెరట్లో పాత రుబ్బురోలు ఒకటి ఉండేది. దాని మీద నిలబడి మునివేళ్ల మీద లేస్తే మట్టిగోడ మీదుగా వాళ్ల వంటింటి కిటికీ కనిపించేది. ఒక ఐతారం ఎక్కి చూశాను.

పొయ్యి ముందు పీట మీద బావ కూర్చుని గరిటె తిప్పుతున్నాడు. నాకు నవ్వాగలేదు. మా బాపు దాహమైతే కుండలో నీళ్లు కూడా తనంతట తాను ముంచుకుని ఎరుగడు. అక్క ఉప్పుకుండ ముందేసుకుని పక్కన కూర్చుంది. ఆమె చేతిలో నశ్యం డబ్బా మూత. బావ కాస్త పప్పును అరచేతిలో వేసుకుని నాకి, కళ్లు మూసుకుని, "ఇంకో సగం మూత" అన్నాడు. అక్క సగం మూత ఉప్పు వేసి, "ఈ గిన్నె పప్పుకు రెండున్నర, ఈ గిన్నె పప్పుకు రెండున్నర" అని ఎక్కాలు బట్టీ పట్టినట్టు అనుకున్నది. ఆ తర్వాత చింతపులుసు, ఆ తర్వాత కారం. రుచి చూసేది ఆయన, లెక్క కట్టేది ఆమె. ఎంతసేపు చూసినా ఆమె ఒక్కసారి కూడా గరిటె నోటి దగ్గరికి తీసుకోలేదు.

పరుగెత్తుకుంటూ పోయి అవ్వకు చెప్పాను, బావ వంట చేస్తున్నాడని. అవ్వ బియ్యంలో రాళ్లేరుతున్నది. తలెత్తలేదు. "చేస్తే చెయ్యనియ్యి. నీకెందుకే గా ముచ్చట?" అన్నది. అంత వింత చెప్పినా ఆమె వింతపోకపోవడం నాకు ఇంకా పెద్ద వింతగా తోచింది.

కొన్నాళ్లకు పొలాల పండుగ వచ్చింది. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించి మొక్కే పండుగ. ఆ వారం బావ నన్ను కూడా సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కించుకున్నాడు. "మా మర్దలు బరువు లేదు గని దీని నోరే బరువు" అని దారంతా ఏడిపించాడు. దగ్గరి పల్లెలో ఒక రైతు ఇంటి వాళ్లు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మోదుగాకుల్లో తలా ఒక పోలె, అదే బొబ్బట్టు, పెట్టారు. అక్క ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని బావ మొహం చూసింది. బావ తన ముక్క నమిలి ఆమె వైపు వంగి మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"పైన నెయ్యి. గా నెయ్యి దాటినంక శనగపప్పు, మెత్తగ. బెల్లం జర ముదిరింది, అడుగుకు పట్టింది గావచ్చు, కమురు తగులుతుంది. ఆగు, ఇంకా మింగకు. ఇగో, ఇప్పుడు ఇలాచి."

ఇలాచి అనగానే అక్క మొహం విచ్చుకున్నది. కళ్లు సగం మూసుకుని, అప్పుడు మింగింది. ఆమె నోట్లో ఉన్నదాని రుచి ఆయన చెప్పడమేమిటో నాకు అంతుపట్టలేదు. ఇంటికి తిరిగి వచ్చేదాకా కడ్డీ మీద అదే ఆలోచన. ఇద్దరికీ ఏదో పందెం ఉందేమో అనుకున్నాను. కాదు, పండుగ రోజు మాట్లాడనని ఆమె మొక్కుకున్నదేమో అనుకున్నాను. కానీ దారిలో ఆమె నాతో మాట్లాడుతూనే ఉన్నది.

బతుకమ్మ పండుగకు బావ వాళ్ల అమ్మ గోదావరి దాటి కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. చేదబావి దగ్గర ఆమె ముచ్చటే. పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని కోడలి మీద ఆమెకు గుర్రుగా ఉందనీ, ఇంకో వంక ఏదైనా దొరికితే పిల్లను పుట్టింటికి పంపి కొడుక్కు మళ్లీ పెళ్లి చేస్తానంటున్నదనీ ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఆమె ఉన్నన్ని రోజులు సైకిలు కదలలేదు. తలుపు బార్లా తెరిచి ఉండేది. బావ పొయ్యి ఛాయలకు కూడా పోలేదు. అక్క ఒక్కతే వండింది. నేను రుబ్బురోలు మీదనే మకాం పెట్టాను. నశ్యం డబ్బా మూతతో కొలిచి ఉప్పు వేసింది, కొలిచి కారం వేసింది, ఏదీ నోట పెట్టకుండానే వడ్డించింది. అత్త తిని వంక పెట్టలేకపోయింది. నాకు అనుమానం ఒక కొలిక్కి వచ్చింది. అక్కకు రుచి తెలియదు. అయితే అది నిజమా కాదా అని తేల్చుకోకుండా ఎలా?

సద్దుల బతుకమ్మ రోజు మా అవ్వ మలీద చేసింది. వేడి రొట్టెలను విరిచి, నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి కట్టే ముద్దలు. ఆమె బతుకమ్మ పేర్చడానికి గునుగు పూలు ముందేసుకుని కూర్చోగానే నేను దొడ్డుప్పు పిడికెడు తెచ్చి చిన్నరోట్లో మెత్తగా దంచాను. ఒక ముద్దను చిదిమి, ఆ ఉప్పంతా కలిపి, మళ్లీ కట్టాను. గుర్తుకు పైన ఎండుకొబ్బరి ముక్క గుచ్చాను. నాకు భయం లేదు, జాలి లేదు. తెలుసుకోబోతున్నానన్న సంబరం తప్ప ఇంకేమీ లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సాయంత్రం అందరూ వాగు ఒడ్డుకు చేరారు. ఆడి పాడి, బతుకమ్మలను నీళ్లలో విడిచి, ఇసుకలో వలయంగా కూర్చుని సద్దులు పంచుకోవడం మొదలుపెట్టారు. నేను కొబ్బరి ముద్ద తీసుకుపోయి అక్క చేతిలో పెట్టాను. పక్కనే అత్త. అక్క సగం విరిచి నోట్లో వేసుకున్నది. నేను ఆమె నోరే చూస్తున్నాను. ఆమె నెమ్మదిగా నమిలి, మింగి, "మస్తుగున్నది చెల్లే. బెల్లం మంచిగ పట్టింది" అన్నది.

తేలిపోయింది! ఎగిరి గంతేయబోయాను. అంతలో అక్క మిగిలిన సగాన్ని అత్త చేతిలో పెట్టింది. "జర చూడు అత్తమ్మా, చిన్నమ్మ చేతి మలీద" అన్నది మా అవ్వను చూపిస్తూ. ముసలమ్మ చెయ్యి నోటి దాకా లేచింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమె నాలుకకు ఆ ఉప్పు తగిలిందంటే, బాగుందన్న కోడలి వైపు తిరిగి చూస్తుంది. ఆమె వెతుకుతున్న వంక నేనే వండి తెచ్చి ఇచ్చాను.

ఎదురుగా కూర్చున్న మా అవ్వ నా మొహం చూసింది. పొద్దున రోట్లో తెల్లగా ఏదో అంటుకుని ఉండడం ఆమె కంట పడిందట. రెండూ కలుపుకోవడానికి ఆమెకు రెప్పపాటు కూడా పట్టలేదు. లేచి వచ్చి ముసలమ్మ చేతిలో నుంచి ఆ ముద్దను గుంజుకున్నది.

"ఏమనుకోకు వదినె. కొబ్బరి పెట్టింది నా మొక్కు ముద్ద. పిల్లది ఎరుక లేక పంచింది. ఇది నేనే తినాలె" అని నోట్లో వేసుకున్నది.

మొక్కు ముద్దను ఉమ్మకూడదు, పారేయకూడదు. మా అవ్వ ఇసుకలో కూర్చుని ఆ ఉప్పునంతా నమిలింది. మొహంలో ఒక్క గీత కూడా కదలలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి. భక్తి అనుకున్నారు చూసినవాళ్లు. ముసలమ్మ గొణిగింది, "మొక్కు ముద్దను ఎంగిలి చేపిస్తరా ఎవలన్న? పిల్లను జర భయంల పెట్టి పెంచు". "నిజమే వదినె, తప్పయింది" అన్నది అవ్వ. దేవుడి పేరు మీద ఏనాడూ అబద్ధమాడని మనిషి. తర్వాత వాగులోకి దిగి దోసిళ్లతో నీళ్లు తాగింది. నాలుగు దోసిళ్ల దాకా లెక్కపెట్టి, ఇక చూడలేక తల దించుకున్నాను.

ఇంటికి వచ్చాక కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. పెళ్లయిన ఏడాదికే అక్కకు టైఫాయిడ్ జ్వరం వచ్చి, మనిషి దక్కింది గానీ నాలుక మీద రుచి పోయిందట. ఆ సంగతి మొగుడికీ, మా అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. "నీకు తెలుసుకోవాల్నని ఉంటే అడుగు. చెప్తే ఇను, చెప్పకపోతే ఊకో. దాసుకున్నోళ్లను గుంజి బయటేసి చూస్తరా?" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు కూడా గొంతు ఆరిపోయి మధ్యలో నీళ్లు తాగింది.

ముసలమ్మ ఊరికి పోయిన మరుసటి ఐతారం నేను ఏడుస్తూ పక్కింటికి పోయి చేసిందంతా చెప్పాను. బావ మొహం నల్లబడింది. లేచి పెరట్లోకి పోయాడు. అక్క ఇక నాతో జన్మలో మాట్లాడదనుకున్నాను. కానీ ఆమె అడిగింది ఒకే ఒక్క మాట.

"ఎట్లుండె చెల్లే, గా ముద్ద?"

నేను దాన్ని నాలుక మీద పెట్టి చూడలేదు. తిన్న ఇద్దరిలో అక్కకు తెలియదు, తెలిసిన మనిషి మా అవ్వ ఒక్కతే. "పో, మీ అవ్వనడిగి రా. నేను తిన్నదేందో నాకు ఎరుక గావాలె గద" అన్నది అక్క. ఆమె గొంతులో కోపం లేదు. పోలె నోట్లో పెట్టుకుని బావ మొహం చూసినప్పటి ఆత్రమే ఉన్నది.

పోయి అడిగాను. అవ్వ చేతిలో పని ఆపి, నా వైపు చూసి, కాసేపు నిజంగానే గుర్తు చేసుకున్నది. "ముందుగాల ఉప్పు. నోరంత ఉప్పే. నడుమ నీ మీద కోపం. మింగుడు పడంగ పడంగ, ఆఖర్ల బెల్లం దొరికింది" అన్నది. ఆ మాటలు ఒక్కటి జారిపోకుండా మోసుకుపోయి అక్కకు చెప్పాను. ఆమె కళ్లు సగం మూసుకుని విన్నది. బెల్లం దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

ఆ తర్వాత చాలా ఐతారాలు సైకిలు కడ్డీ నాదే. బావ కోపం మరుసటి వారం అంగడి దాకా ఉండి దిగిపోయింది. పీరీల దగ్గర బెల్లం షర్బతు తాగినా, జాతరలో మిర్చి కొరికినా, అక్క ఇప్పుడు నా మొహం చూసేది. "తియ్యగున్నది" అంటే ఒప్పుకునేది కాదు. ఎట్లాంటి తీపి, ముందా వెనకనా, సోంపు ఎక్కడ తగిలింది, కారం నాలుక కొసన మండిందా గొంతులోనా, అన్నీ చెప్పాలి. అంతకుముందు అన్నేళ్లూ నేను గబగబా మింగానే తప్ప తినలేదని అప్పుడు తెలిసింది. రెండేళ్లకు బావకు ఆదిలాబాదు మిల్లులో పని దొరికి వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. అక్కకు రుచి తిరిగి వచ్చిందో లేదో నాకు తెలియదు. పోయేముందు నశ్యం డబ్బా మూతను కడిగి కొంగున కట్టుకోవడం మాత్రం చూశాను.

ఆడిన అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి మా అవ్వ బతికినన్నాళ్లూ సద్దుల నాడు ఒక ముద్దకు కొబ్బరి గుచ్చి, మొక్కు ముద్ద అని తానే తిన్నది. ఇప్పుడు నేను తింటున్నాను. నా కోడళ్లు ఎందుకని అడిగితే చెబుతాను, అడగకపోతే ఊరుకుంటాను. ఏది తిన్నా మొదటి ముద్దను మాత్రం వెంటనే మింగలేను. పక్కన ఎవరో నా మొహం చూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది. ముందు ఏం తగిలింది, నడుమ ఏం తగిలింది అని మాటలు వెతుక్కుంటాను. ఆ ఉప్పు మలీదను నేను నోట పెట్టలేదు. అయినా దాని రుచి అడగండి, తడుముకోకుండా చెబుతాను. ముందు ఉప్పు, నడుమ కోపం, ఆఖరుకు బెల్లం.